తాతమ్మకి వచ్చిన 'పూనమ్మ పింఛను' బ్రిటిష్ వాళ్ళదేనా?

విభాగం: పాత కాగితాలు, ఇంటి చరిత్రలు

కోరంగి మనవడు | 11 జనవరి, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు, ఇదే మొదటి పోస్టు. తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మమ్మ వాళ్ళ అమ్మని మేం తాతమ్మ అంటాం. కాకినాడ దగ్గర పల్లెలో 1991లో పోయారు, ఎనభై దాటాక. ఆవిడ భర్త, అంటే మా ముత్తాత, బ్రిటిష్ వాళ్ళ కాలంలో తంతి శాఖలో టెలిగ్రాఫిస్టు. జనరల్ సర్వీసు కావడంతో ఎక్కడికేస్తే అక్కడికి పోవాల్సిందే. చాలా ఏళ్ళు రంగూన్‌లో చేశారు, 1934లో మద్రాసు సర్కిల్‌కి మార్చారు. 1946లో కాకినాడలో రిటైరయ్యారు, 1951లో పోయారు. తాతమ్మ కంటే పదిహేడేళ్ళు పెద్ద.

మొన్న ఇల్లు అమ్మేముందు అటక సర్దుతుంటే ఆవిడ రేకు పెట్టె దొరికింది, నిండా కాగితాలు. ఆవిడకి పింఛను వచ్చేదని ఇంట్లో అందరికీ గుర్తే. మేం దాన్ని 'బర్మా పింఛను' అనేవాళ్ళం. ఆవిడ మాత్రం 'పూనమ్మ పింఛను' అనేది. పూనమ్మ ఎవరో ఎవరికీ తెలీదు. రంగూన్‌లో పక్కింటావిడ అని మా పెద్దమ్మ, డబ్బులు పంపే బర్మా దొరసాని అని మా మావయ్య.

నా ప్రశ్న: పోయిన గుమాస్తా భార్యకి కూడా తెల్లదొరలు పింఛను ఇచ్చేవారా? లండన్ నుంచి వచ్చేదా? ఇంకా మాకేమైనా రావాలా? (చివరిది మావయ్య ప్రశ్న, నాది కాదు.)

నిజం చెప్తా | 11 జనవరి, రాత్రి 10:15

ఇచ్చేవారు బ్రదర్. ఎంత తిట్టుకున్నా వాళ్ళ దగ్గర పద్ధతి ఉండేది. ఉద్యోగి పోతే కుటుంబాన్ని వదిలేసేవాళ్ళు కాదు. ఇప్పుడైతే ఒక సంతకానికి ఆరునెలలు తిరగాలి. మీది కచ్చితంగా బ్రిటిష్ పింఛనే.

రిటైర్డ్ ఎస్టీఓ | 12 జనవరి, ఉదయం 6:20

ఆ 'కచ్చితంగా' దగ్గర కాస్త ఆగుదాం. ముప్పై నాలుగేళ్ళు ట్రెజరీలో చేసి సబ్ ట్రెజరీ ఆఫీసరుగా దిగిపోయినవాణ్ణి.

పింఛను వేరు, ఫ్యామిలీ పింఛను వేరు. బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీస్ రెగ్యులేషన్స్‌లో పింఛను అనేది ఉద్యోగిది. ఆయన ఊపిరితోనే సరి. పోయిన రోజు దాకా లెక్కగట్టి, ఆ బకాయి భార్యకో కొడుక్కో ఇచ్చి పుస్తకం మూసేసేవారు. టెలిగ్రాఫిస్టు, రెవిన్యూ గుమాస్తా, హెడ్ కానిస్టేబుల్, ఎవరి ఇల్లాలికైనా ఇదే రూలు. డ్యూటీలో ఎవరో చంపేస్తేనో, ప్రమాదంలో పోతేనో దానికి వేరే లెక్క ఉండేది. మరీ దిక్కులేని సంసారమైతే కంపాషనేట్ ఫండ్ అని ఒకటుంది, అందులోంచి ఏదో కొంత ఇచ్చేవారు. అది దయ, హక్కు కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1950 ఏప్రిల్ 17 నుంచి కేంద్రంలో కొత్త పింఛను రూల్స్ వచ్చాయి. అందులో మొదటిసారి ఫ్యామిలీ పింఛను పెట్టారు కానీ, చాలా ఏళ్ళ సర్వీసుంటేనే, అదీ పదేళ్ళకి మించకుండా. భార్యకి బతికున్నంతకాలం అనేది 1964 స్కీముతో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఫ్యామిలీ పెన్షన్ రూల్స్ 1964వే.

మీ ముత్తాతగారు 1946లో రిటైరై 1951లో పోయారు. అంటే అప్పటికే ఉద్యోగం దిగిపోయారు కాబట్టి 1950 రూలూ తగలదు, 1964 స్కీమూ తగలదు. 1951లో ఆవిడకి పింఛను మొదలయ్యే దారి నాకు కనపడట్లేదు. అయినా వచ్చిందని మీరంటున్నారు. కాబట్టి కాగితం చూడాలి బాబూ. పీపీఓ, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు (పెన్షన్ పేమెంట్ ఆర్డర్), ఉందా? దాని మీద తేదీ ఏమిటి?

పాత కాగితాలు | 12 జనవరి, ఉదయం 11:05

ఎస్టీఓ సార్ చెప్పింది గుమాస్తాల సంగతి. దొరల భార్యల సంగతి పూర్తిగా వేరు. నేను చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఈ ఫండ్ల కాగితాలతో కొన్నాళ్ళు కుస్తీ పట్టినదాన్ని, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ కథ ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవుతో మొదలవుతుంది. బెంగాల్ నవాబు మీర్ జాఫర్ చనిపోతూ క్లైవుకి 5 లక్షల రూపాయలు రాసిచ్చాడు. ఆ డబ్బు సొంతానికి వాడుకుంటే చెడ్డపేరని, కంపెనీ పటాలాల్లో పనికిరాకుండా పోయిన వాళ్ళకీ వాళ్ళ వితంతువులకీ అని క్లైవు 1770లో ఫండు పెట్టాడు. అంటే కంపెనీ సైనికుల భార్యల పింఛన్లకి సొమ్ము వెళ్ళింది ముర్షిదాబాద్ ఖజానాలోంచి! దీనికో కొసమెరుపు ఉంది. 1858లో కంపెనీ రాజ్యం పోయాక, కంపెనీకి సైన్యమే లేదు కాబట్టి ఆ సొమ్ము మాదేనని క్లైవు వారసులు దావా వేశారు. 1863లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి గెలిచారు.

తర్వాత మద్రాస్ మిలిటరీ ఫండు, మద్రాస్ సివిల్ ఫండు, ఇంకా తర్వాత ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) వాళ్ళకి ఫ్యామిలీ పెన్షన్ ఫండు. పై ఉద్యోగుల జీతంలోంచి నెలనెలా కోత, వాళ్ళు పోతే భార్యకి బతికినంతకాలం, పిల్లలకి పెద్దయ్యేదాకా పింఛను. 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఈ ఫండ్ల కోసమే 273వ సెక్షను పెట్టారు, డబ్బు లండన్‌లో కమిషనర్ల చేతిలో పెట్టుకునే ఏర్పాటుతో. ఇక్కడ రాజ్యాధికారం చెయ్యి మారుతుందేమోనన్న బెంగ అప్పటికే పట్టుకుంది.

ఇవన్నీ పెద్ద ఉద్యోగులకే. మన గుమాస్తాలు ఏం చేశారంటే, తమలో తామే చందాలు వేసుకున్నారు. కలకత్తాలో 1872లో హిందూ ఫ్యామిలీ యాన్యుటీ ఫండ్ అని పెట్టారు, పెట్టిన వాళ్ళలో ముందున్నది ఈశ్వరచంద్ర విద్యాసాగర్. వితంతు వివాహాల కోసం పోరాడినాయనే. మళ్ళీ పెళ్ళి చేసుకోని వాళ్ళకి తిండి ఎలా అన్నది కూడా ఆయనకి పట్టింది. కొన్నేళ్ళకే తోటివాళ్ళతో పడక బయటికొచ్చేశారనుకోండి.

తపాలా శాఖ వాళ్ళకైతే 1884 ఫిబ్రవరి 1న ఇన్సూరెన్సు మొదలైంది, ఇప్పటి పీఎల్ఐ (పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్) అదే. కొద్ది ఏళ్ళకే తంతి శాఖకీ ఇచ్చారు. మీ ముత్తాతగారిది తంతి శాఖ కాబట్టి ఆ పాలసీ ఉండి ఉంటుంది, వెతకండి.

నిజం చెప్తా | 12 జనవరి, మధ్యాహ్నం 1:30

చూశారా, ఫండ్లున్నాయి కదా. నేను చెప్పిందీ అదే.

పాత కాగితాలు | 12 జనవరి, మధ్యాహ్నం 1:52

ఉన్నాయి. ఎవరికున్నాయో కూడా రాశాను, ఇంకోసారి చదవండి.

కౌలాలంపూర్ కోడలు | 12 జనవరి, సాయంత్రం 6:10

మలేషియా నుంచి రాస్తున్నాను. ఇటు కాలనీల్లో లెక్క వేరేగా ఉండేది, అందుకే మధ్యలో దూరుతున్నా. సిలోన్‌లో 1898లోనే 'విడోస్ అండ్ ఆర్ఫన్స్ పెన్షన్ ఫండ్' ఆర్డినెన్సు వచ్చింది. మలయా, హాంకాంగ్, ఇలా చాలా చోట్ల అదే నమూనా. పింఛను ఉద్యోగమైతే చాలు, నల్లవాడైనా తెల్లవాడైనా జీతంలో కోత తప్పదు. మా మావగారి తండ్రి మలయా రైల్వేలో గుమాస్తా, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినాయన. ఆయన జీతం చీటీల్లో 'డబ్ల్యూ అండ్ ఓపీ' అని ప్రతినెలా కోత కనపడుతుంది, పెళ్ళి కాకముందు నుంచే! లేని పెళ్ళానికి కట్టానని ఆయన జోకు వేసేవారట.

ఇందులో తమాషా ఏంటంటే, వితంతువుకి ఎంత రావాలనేది భార్యాభర్తల వయసులు చూసి టేబుల్ ప్రకారం తేల్చేవారు. భార్య మరీ చిన్నదైతే ఎక్కువ ఏళ్ళు బతుకుతుంది కదా, అందుకని నెలకి తక్కువ. మన వాళ్ళ పెళ్ళిళ్ళలో పది పదిహేనేళ్ళ తేడా మామూలే. అంటే చిన్నపిల్లని కట్టుకున్న పాపం ఆ పిల్లకే తగిలేది. పెళ్ళి, పిల్లలు పుట్టడం అన్నీ గడువులోగా రాసి పంపాలి, రుజువులతో. మళ్ళీ పెళ్ళి చేసుకుందా, పింఛను ఆగిపోతుంది.

పదిహేడేళ్ళ తేడా అని చూసి ఇదంతా గుర్తొచ్చింది.

రిటైర్డ్ ఎస్టీఓ | 12 జనవరి, రాత్రి 8:00

మంచి విషయం చెప్పారమ్మా. మళ్ళీ పెళ్ళి సర్టిఫికెట్టు ఇక్కడా ఉంది. నేను కొత్తగా చేరినప్పుడు డెబ్బై రెండేళ్ళ ముసలావిడ చేత 'నేను పునర్వివాహం చేసుకోలేదు' అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాను. ఏం రాసుందో చదివి వినిపించమంది. వినిపించాను. కౌంటరు అవతల లైను మొత్తం నవ్వింది, ఆవిడ కూడా నవ్వింది. నాకే తలెత్తుకోలేకుండా అయిపోయింది.

ఇప్పుడు పిల్లల్లేని వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, ఆదాయం ఒక హద్దు లోపల ఉంటే కేంద్రంలో ఫ్యామిలీ పింఛను ఆగదు. 2006 నుంచి వచ్చింది ఆ మార్పు.

కోరంగి మనవడు | 13 జనవరి, రాత్రి 10:30

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. ఇవాళ పెట్టె మొత్తం కింద పరిచాను. చెదలు తిన్నవి పోగా మిగిలినవి:

1951 నాటి టైపు ఉత్తరం ఒకటి, ప్రావిడెంట్ ఫండ్ డబ్బు నేరుగా తాతమ్మకే ఇస్తున్నట్టు. పోస్టల్ ఇన్సూరెన్సు రసీదులు ఏడెనిమిది (అక్కా, మీరన్నట్టే). పచ్చటి అట్టలాంటి కాగితం, సగానికి చింపినట్టుంది, ఒక మూల వేలిముద్ర, 'ఎడమ చెంప మీద పుట్టుమచ్చ' అని ఇంగ్లీషులో. బర్మా నోట్లు రెండు. రాసి పంపకుండా వదిలేసిన మనియార్డరు ఫారం ఒకటి, సిరా అలికిపోయింది. ముత్తాతగారి ఫోటో.

ప్రావిడెంట్ ఫండ్ ఉత్తరం వెనకాల పెన్సిల్‌తో 'మరిది అడిగినా ఇవ్వనక్కర్లేదు' అని తెలుగులో రాసుంది. ఎవరి చేతిరాతో తెలీదు. పింఛను పుస్తకం చింపేసింది ఎవరై ఉంటారు?

రిటైర్డ్ ఎస్టీఓ | 14 జనవరి, ఉదయం 5:55

భోగి శుభాకాంక్షలు అందరికీ.

ఎవరూ చింపలేదు బాబూ. పీపీఓ అంటేనే రెండు సగాలు. ఒక సగం పింఛనుదారు దగ్గర, ఇంకో సగం డబ్బిచ్చే చోట. నెలకోసారి రెండూ పక్కపక్కన పెట్టి, మనిషినీ పుట్టుమచ్చనీ చూసి, వేలిముద్ర పోల్చి డబ్బిచ్చేవాళ్ళం. అసలు పని ఇదే. డబ్బు ఎంతివ్వాలన్నది నిమిషంలో తేలుతుంది, ఎదురుగా ఉన్నది ఆ మనిషేనా అన్నదే గంట పడుతుంది.

ఘోషా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు ఆఫీసుకి రానక్కర్లేదు, ఎవరైనా బాధ్యత గల ఆఫీసరో పెద్దమనిషో బతికే ఉన్నారని సర్టిఫికెట్టు ఇస్తే చాలు. బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న రూలే. దీంట్లో మోసం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో చుట్టలు చుట్టే ఆవిడ ఉండేది. మొగుడు జైలు వార్డరు, పోయాడు. పొగాకు రసానికి బొటనవేలి గీతలు మొత్తం అరిగిపోయాయి. ఎంత ఇంకు పూసినా నల్లటి మరక తప్ప ఏం పడదు. కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో కూర్చోబెట్టి మళ్ళీ వేయిస్తే మూడోసారికి నాలుగు గీతలు కనపడ్డాయి. 'నా వేలు కూడా ఆయనతోనే పోయింది నాయనా' అంది.

ఇంకో రకం ఉండేవాడు, వడ్డీ షావుకారు. పింఛను పుస్తకాలు తాకట్టు పెట్టుకుని, ఒకటో తారీఖున ముసలాళ్ళని తనే రిక్షాలో తీసుకొచ్చేవాడు. 1871 పెన్షన్ల చట్టం పన్నెండో సెక్షను ప్రకారం ఆ తాకట్టు చెల్లదు. పదకొండో సెక్షను ప్రకారం కోర్టు కూడా పింఛను జప్తు చెయ్యలేదు. ఆ చట్టం ఇవాళ్టికీ ఉంది. షావుకారుకి మాత్రం అప్పుడూ తెలుసు, ఎవరూ అడగరని.

పాత కాగితాలు | 14 జనవరి, ఉదయం 9:40

ఆ వేలిముద్రకి ఉన్న చరిత్ర ఎంతమందికి తెలుసో. కలకత్తా దగ్గర హుగ్లీలో విలియం హెర్షెల్ అని మేజిస్ట్రేటు ఉండేవాడు. చచ్చిపోయిన వాళ్ళ పేరుమీద బంధువులు పింఛన్లు తీసుకుంటున్నారని అనుమానం. 1877లో పింఛనుదార్ల చేత వేలిముద్రలు వేయించడం మొదలుపెట్టాడు. అంటే పోలీసుల కంటే ముందు వేలిముద్ర పట్టుకున్నది పింఛను గుమాస్తాలు! ఇప్పుడు మన అమ్మలు నవంబరులో మిషన్ మీద వేలు పెట్టి 'మళ్ళీ పెట్టండమ్మా, మళ్ళీ పెట్టండి' అనిపించుకోవడం అక్కడే మొదలైంది.

విశాఖ వనజ | 14 జనవరి, ఉదయం 10:15

టాపిక్ కాదు, సారీ. మా అమ్మది ఫ్యామిలీ పెన్షన్, వేలిముద్ర పడక రెండు నెలలు ఆగిపోయింది. టెన్షన్‌తో బీపీ పెరిగింది. ఏం చేయాలి?

రిటైర్డ్ ఎస్టీఓ | 14 జనవరి, ఉదయం 10:40

అమ్మా, కేంద్ర పింఛనా రాష్ట్రమా? జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్టులో ఫేస్ ఆప్షన్ ఉంది, ఫోన్‌లోనే అవుతుంది. కుదరకపోతే కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్టు గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో ఇవ్వచ్చు, వేలు పడలేదని పింఛను పోదు. ఆగిన నెలలవి కలిపి వస్తాయి, కంగారు పడొద్దని చెప్పండి. వివరాలు వేరే దారంలో పెట్టండి.

నిర్వాహకుడు | 14 జనవరి, ఉదయం 11:00

వనజ గారి ప్రశ్నకి కొత్త దారం తెరిచాను. ఇక్కడ పాత పింఛన్ల గురించే మాట్లాడుకుందాం. పిండివంటల ఫోటోలు కూడా వద్దు దయచేసి.

లా పాయింట్ | 14 జనవరి, రాత్రి 9:20

పెన్సిల్ రాత రాసినవారెవరో గానీ చట్టం తెలిసినవారే. 1925 ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం మూడో సెక్షను ప్రకారం, ఉద్యోగి పోయాక ఆ డబ్బు ఆధారపడ్డవాళ్ళకి చెందితే, ఆయన అప్పులతో సంబంధం లేకుండా వాళ్ళదే. అన్న చేసిన అప్పు తీర్చాలని మరిది వచ్చి అడిగినా నిలబడదు.

ఇన్సూరెన్సుకీ ఇలాంటి రక్ష ఉంది, 1874 మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ చట్టం ఆరో సెక్షను. భర్త తన పాలసీని భార్యాపిల్లల పేర రాస్తే అప్పులవాళ్ళు ముట్టుకోలేరు. ఇది హిందువులకి వర్తిస్తుందా అని చాలాకాలం తగవు. 1923 సవరణలో తేల్చారు. మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకి, మిగతా దేశంలో 1923 ఏప్రిల్ 1 తర్వాతవాటికి. ఈ విషయంలో మనం దేశానికి పదేళ్ళు ముందు!

ఇక ఒక ప్రశ్న. ఆ సగం పీపీఓ మీద తేదీ ఎవరూ పట్టించుకోలేదు. ఏ సంవత్సరం? నెలకి ఎంత? ఇంకేదైనా ఉత్తరం నంబరు రాసుందా?

కోరంగి మనవడు | 15 జనవరి, ఉదయం 8:05

సంక్రాంతి హడావిడిలో ఇప్పుడే చూశాను. టార్చి లైటు పెట్టి చదివితే:

తేదీ 1986, నెల చెరిగిపోయింది. 375 రూపాయలు. కింద చిన్న టైపులో '22-9-1977 నుంచి' అనీ, 'సుప్రీంకోర్టు తీర్పు, 30-4-1985' అనీ ఉంది. ఆ పక్కన 'శ్రీమతి పూ...' అక్కడితో చిరిగిపోయింది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఇది ఆవిడ పేరు కాదు. తాతమ్మ పేరు 'పూ'తో మొదలవదు.

లా పాయింట్ | 15 జనవరి, ఉదయం 8:31

పండగ పూట దొరికేసింది మీ పూనమ్మ.

'శ్రీమతి పూనమల్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా'. 1985 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు. దీనికి ముందుమాట నకారా కేసు, 1982 డిసెంబరు 17. పింఛను అనేది ప్రభుత్వం దయ కాదు, ఉద్యోగి హక్కు అని అందులో గట్టిగా చెప్పారు, అందుకే ఇప్పటికీ ఆ రోజు పెన్షనర్స్ డే చేసుకుంటారు. నకారా పెన్షనర్లది, పూనమల్ వితంతువులది.

వాళ్ళ వాదన ఇది. 1964 స్కీములో ఫ్యామిలీ పింఛను రావాలంటే ఉద్యోగి తన గ్రాట్యుటీలోంచి రెండు నెలల జీతం వదులుకోవాలి. 1964కి ముందే రిటైరైనవాళ్ళు, పోయినవాళ్ళు అది కట్టలేదు కదా, అందుకని వాళ్ళ భార్యలకి లేదన్నారు. కానీ 1977 సెప్టెంబరు 22 నుంచి ఆ కోతనే ఎత్తేశారు. ఎవరూ కట్టనక్కర్లేనప్పుడు, మా ఆయన కట్టలేదని నన్నెందుకు బయట నిలబెట్టారు? జవాబు లేదు. అందుకే పాతవాళ్ళ భార్యలకి కూడా ఆ తేదీ నుంచే ఇచ్చారు.

375 కూడా సరిపోయింది. నాలుగో పే కమిషన్ ప్రకారం 1986 జనవరి 1 నుంచి ఫ్యామిలీ పింఛను కనీసం అదే.

కాబట్టి మనవడు గారూ, అది బర్మాదీ కాదు, లండన్‌దీ కాదు.

రిటైర్డ్ ఎస్టీఓ | 15 జనవరి, ఉదయం 8:50

శభాష్. నాకు తట్టాల్సింది, తట్టలేదు. అప్పట్లో ఇలాంటి కేసులు మా దగ్గరికీ వచ్చాయి. అరవై డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు, మొగుడు పోయి ముప్పై ఏళ్ళయి, సర్వీసు పుస్తకం ఎక్కడుందో కూడా తెలీదు. పెళ్ళి రుజువు కావాలి, చావు రుజువు కావాలి, ఆయన ఫలానా పోస్టులో చేశాడని రుజువు కావాలి. ఇద్దరు భార్యలుంటే సమానంగా పంచాలి, అప్పుడు మళ్ళీ గొడవ. చాలామందికి ఇలాంటి తీర్పు ఒకటుందనే తెలీకుండా పోయింది. మీ తాతమ్మగారు కాగితాలు దాచుకున్నారు కాబట్టి వచ్చింది.

1951 నుంచి 1986. అందులో వెనక్కి ఇచ్చిన బకాయి 1977 నుంచే. మధ్యలో ఇరవై ఆరేళ్ళు ఖాళీ.

నిజం చెప్తా | 15 జనవరి, ఉదయం 9:30

సరే, ఒప్పుకుంటున్నా. నేను తొందరపడ్డాను. కానీ బర్మా పింఛను అనేదే లేదా అయితే?

పాత కాగితాలు | 15 జనవరి, మధ్యాహ్నం 12:15

ఉంది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయాక అక్కడి సర్కారులో చేసినవాళ్ళు వేరే లెక్క. వాళ్ళలో ఇటు వచ్చేసినవాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ మన కేంద్రం ఎక్స్‌గ్రేషియా ఇస్తూ వచ్చింది. 2008 ఉత్తర్వు ప్రకారం అప్పట్లో అది నెలకి 3500 రూపాయలు. డీఏ (కరువు భత్యం) పెరిగినప్పుడల్లా పింఛనుదార్లకి వచ్చే డీఆర్ (డియర్‌నెస్ రిలీఫ్) ఉత్తర్వులు తెరిచి చూడండి, 'బర్మా సివిలియన్ పెన్షనర్లు, ఫ్యామిలీ పెన్షనర్లు' అని ఓ మాట ఇప్పటికీ కనపడుతుంది. మీ ముత్తాతగారు 1934లోనే వచ్చేశారు కాబట్టి ఆ కోవలోకి రారు.

ఇక లండన్ సంగతి. అక్కడి నుంచి ఇక్కడికి కాదు, ఇక్కడి నుంచే అక్కడికి వెళ్ళింది. ఇంగ్లండు చేరిన దొరల పింఛన్ల భారం మన మీదే ఉండిపోయింది. 1948 జులై ఒప్పందంలో కేంద్రం తరఫున 14.75 కోట్ల పౌండ్లు, అంటే దాదాపు 197 కోట్ల రూపాయలు, రాష్ట్రాల తరఫున ఇంకో 2.05 కోట్ల పౌండ్లు బ్రిటన్‌కి ఒకేసారి కట్టాం. బదులుగా వాళ్ళు ఏటా కొంత, తగ్గుకుంటూ అరవై ఏళ్ళపాటు వెనక్కిచ్చే ఏర్పాటు. ఆ పింఛన్లు అందులోంచి. 1955లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ బాధ్యత నేరుగా తీసుకుంది.

ఒక ప్రభుత్వం, ఒకే కాలం. కలెక్టరు దొరసాని ముసలితనానికి 1948లోనే డబ్బు కట్టేశాం. కాకినాడ టెలిగ్రాఫిస్టు భార్య 1985 దాకా ఆగింది.

కౌలాలంపూర్ కోడలు | 15 జనవరి, మధ్యాహ్నం 3:00

ఆఖరి రెండు వాక్యాలు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

కోరంగి మనవడు | 15 జనవరి, సాయంత్రం 5:20

మావయ్య పక్కనే కూర్చున్నాడు. 'మనకేమైనా వస్తుందా అడుగు' అంటున్నాడు. అడిగేస్తున్నా, లేకపోతే కనుమ రోజు కూడా వదలడు.

లా పాయింట్ | 15 జనవరి, సాయంత్రం 5:34

పెళ్ళికాని, వితంతువైన, విడాకులు తీసుకున్న కూతురికి కొన్ని షరతుల మీద అవకాశం ఉంటుంది. మనవలకి లేదు. మీ అమ్మమ్మగారు ఉన్నారా?

కోరంగి మనవడు | 15 జనవరి, సాయంత్రం 5:36

1998లో పోయారు.

లా పాయింట్ | 15 జనవరి, సాయంత్రం 5:37

అయితే మావయ్యగారికి నా తరఫున కనుమ శుభాకాంక్షలు చెప్పండి.

కోరంగి మనవడు | 17 జనవరి, రాత్రి 11:10

నిన్నంతా అమ్మని కూర్చోబెట్టి అడిగాను. తెలిసినంత రాస్తున్నాను.

ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో తాతమ్మ రెండు గేదెలు కొంది. ఇన్సూరెన్సు డబ్బు అమ్మమ్మ పెళ్ళికి పోయింది. తర్వాత పాలు, అప్పడాలు, వేసవిలో వడియాలు. ఎవరింటికీ వెళ్ళి వండలేదు, అదొక పంతం. కాగితాలు మాత్రం ప్రతి దసరాకీ బయటికి తీసి ఎండబెట్టి, వేపాకు వేసి మళ్ళీ పెట్టెలో పెట్టేదట. ఎందుకని అడిగితే 'ఆయన సంతకాలున్నాయిగా' అనేదట.

1985లో వాళ్ళ ఊరి పోస్టుమాస్టరు పేపర్లో చూసి చెప్పాడు, దరఖాస్తు ఆయనే రాసిపెట్టాడు. డబ్బు కూడా ఆ పోస్టాఫీసులోనే. ఉత్తరం వచ్చినరోజు ఆయన ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతుంటే, మధ్యలో ఆపి 'ఎవరు నాయనా ఆ పూనమ్మ, మనవాళ్ళేనా?' అందట. 'మీలాంటావిడేనమ్మా, ఢిల్లీలో కేసు వేసి గెలిచింది' అన్నాడట. అప్పటి నుంచి ఒకటో తారీఖు వస్తే 'పూనమ్మ డబ్బులొచ్చాయా' అని అడిగేది. మా వాళ్ళెవరూ సరిగ్గా వినిపించుకోలేదు, బర్మా అనుకున్నారు.

బకాయి మొత్తం చేతికొచ్చాక మొదట కంటి ఆపరేషను చేయించుకుంది. రెండోది, ఆ మనియార్డరు ఫారం. ఇవాళ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చదివాను. నూట పదహారు రూపాయలు. పంపేవారి చోట తాతమ్మ పేరు, పోస్టుమాస్టరు రాతలో. చేరవలసినవారు: 'పూనమ్మ గారు, పెద్ద కోర్టు, ఢిల్లీ'. అలా వెళ్ళదని ఆయన నచ్చజెప్పి ఫారం తిరిగిచ్చేశాడని అమ్మ చెప్పింది.

రేకు పెట్టె మావయ్య పట్టుకెళ్ళాడు. ఫారం నా దగ్గర ఉంది.

రిటైర్డ్ ఎస్టీఓ | 18 జనవరి, ఉదయం 5:50

దాన్ని లామినేషన్ చేయించకండి బాబూ, సిరా పోతుంది. పాత పుస్తకం మధ్యలో పెట్టండి, వేపాకు వేసి.